టేకాఫ్ అయిన వెంటనే హెచ్చరిక దీపం వెలిగితే: కాక్‌పిట్‌లో ఒక్కో అడుగూ

విమానం నేల విడిచి పది సెకన్లు కాలేదు. కళ్ల ముందు దీపం వెలిగింది, చెవిలో గంట మోగుతోంది. చెయ్యి ఏదో ఒక స్విచ్ కోసం వెతుక్కుంటుంది. ఆ చేతిని ఆపుకోవడమే ఇక్కడ మొదటి పని. 400 అడుగుల లోపే స్విచ్ తిప్పకపోతే విమానం నిలవదు అనదగ్గ దీపాలు దాదాపు లేవు. తొందరలో తప్పు మీట లాగినందుకో, ఇద్దరూ దీపాన్నే చూస్తూ విమానాన్ని గాలికి వదిలేసినందుకో కూలిన విమానాలు మాత్రం ఉన్నాయి.

ఇది టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత) శిక్షణలో ఉన్నవాళ్లనూ, సిమ్యులేటర్ చెక్‌కు సిద్ధమవుతున్నవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. అంకెలు ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 కుటుంబాలవి. మీ విమానం మాన్యువల్‌లోనో, మీ సంస్థ ఎస్‌ఓపీలోనో (నిర్ణీత పని పద్ధతుల్లోనో) వేరుగా ఉంటే అదే చెల్లుతుంది.

## ఎరుపు, అంబర్, మౌనం

ఎరుపు అంటే వార్నింగ్: మంటలు, క్యాబిన్ ప్రెషర్ పోవడం, ఆయిల్ ప్రెషర్ పడిపోవడం లాంటివి. ఆలస్యం లేకుండా చర్య తీసుకోవాలి. అంబర్ అంటే కాషన్: విషయం వెంటనే తెలియాలి, పని కాస్త ఆగి చేయొచ్చు. ఎయిర్‌బస్‌లో ఎరుపుకు చైమ్ ఆగకుండా మోగుతుంది, అంబర్‌కు ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. చెవి ఈ తేడా పట్టగలిగితే తెర చూడకముందే సగం విషయం తెలిసిపోతుంది.

ఏ320లో వ్యవస్థల స్థితి చూపే ఈకామ్ తెర మీద లోపం పేరు, దాని కింద చేయాల్సిన పనులు వరసగా వస్తాయి. 737లో అలాంటి సౌకర్యం లేదు. మాస్టర్ కాషన్ వెలుగుతుంది, పక్కనే సిక్స్ ప్యాక్ అని పిలిచే చిన్న ప్యానెల్‌లో ఏ వ్యవస్థ అన్నది మాత్రమే కనిపిస్తుంది. అసలు దీపం ఎక్కడో ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో ఉంటుంది. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ మరిచే సంగతి ఒకటుంది: కెప్టెన్ వైపు ఉన్న ఆరు పేర్లు వేరు, ఫస్ట్ ఆఫీసర్ వైపు ఉన్న ఆరు పేర్లు వేరు. ఫ్యూయల్, ఎలక్ట్రికల్, ఫ్లయిట్ కంట్రోల్స్ ఎడమ వైపు. హైడ్రాలిక్, ఇంజిన్, డోర్లు, ఎయిర్ కండిషనింగ్ కుడి వైపు. మాస్టర్ కాషన్ ఇద్దరి ముందూ వెలుగుతుంది గానీ కారణం ఒకరి ముందే ఉంటుంది. అందుకే కారణం కనిపించినవాళ్లు దాన్ని పైకి చదవాలి.

ఇక మౌనం సంగతి. టేకాఫ్ పరుగులో చిన్నాచితకా హెచ్చరికలు పైలట్‌ను కంగారు పెట్టకుండా విమానమే వాటిని నొక్కి ఉంచుతుంది. ఏ320లో ఈ నిషేధం 80 నాట్ల దగ్గర మొదలై, 1,500 అడుగులు చేరేదాకా లేదా నేల విడిచి 2 నిమిషాలు గడిచేదాకా ఉంటుంది. అంటే 1,500 అడుగుల దగ్గర ఒక్కసారిగా రెండు మూడు అంబర్ వరుసలు ప్రత్యక్షమైతే అవి అప్పుడే పుట్టినవి కావు, బహుశా రన్‌వే మీదే మొదలై ఉంటాయి. ఇంతసేపూ ఎగురుతూనే ఉన్న విమానం మరో రెండు నిమిషాలు ఎగరగలదు. తిరగేసి చూస్తే, ఆ నిషేధాన్ని దాటుకుని వచ్చిన దీపం మామూలుది కాదు.

## రన్‌వే మీదికి వెళ్లకముందే

టేకాఫ్ బ్రీఫింగ్‌ను పాఠం అప్పజెప్పినట్టు చదివితే గాల్లో అది పనికిరాదు. కనీసం ఈ నాలుగూ ఆ రోజుకు, ఆ రన్‌వేకు తగ్గట్టు మాట్లాడుకోవాలి.

- వీ1 (టేకాఫ్ ఆపాలా వద్దా అని తేల్చుకోవాల్సిన ఆఖరి వేగం) ముందు దేనికి ఆపుతాం, దేనికి ఆపం. ఏ320లో 100 నాట్లు, బోయింగ్‌లో 80 నాట్లు దాటాక మంటలు, ఇంజిన్ శక్తి పోవడం, విమానం ఎగరలేదన్న స్పష్టమైన సంకేతం లాంటివాటికే ఆపుతారు. వీ1 దాటితే ప్రయాణం పైకే.
- ఇంజిన్ పోతే ఏ దారిన వెళ్తాం. కొండలున్న చోట మామూలు డిపార్చర్ దారి వేరు, ఒక ఇంజిన్‌తో వెళ్లే దారి వేరు. ఆ మలుపు ఎక్కడో ముందే చెప్పుకోవాలి.
- ఏ ఎత్తులో ముక్కు దించి వేగం పెంచుతాం.
- వెనక్కి రావాల్సి వస్తే ఏ రన్‌వే, ఆ బరువుతో దాని పొడవు చాలుతుందా.

ఎంఈఎల్ (ఏయే లోపాలతో బయల్దేరొచ్చో చెప్పే జాబితా) కింద వాయిదా వేసిన లోపాలు టెక్ లాగ్‌లో (లోపాలు రాసే పుస్తకంలో) ఉంటే వాటివల్ల ఏ దీపం వెలగొచ్చో కూడా అనుకోవాలి. ఒక జనరేటర్ పనిచేయని స్థితిలో బయల్దేరిన విమానానికి రెండో జనరేటర్ దీపం వెలగడం చిన్న విషయం కాదు. ప్యాక్‌లు (క్యాబిన్‌కు గాలి, ప్రెషర్ అందించే యంత్రాలు) ఆపి టేకాఫ్ చేస్తుంటే వాటిని తిరిగి ఎప్పుడు, ఎవరు ఆన్ చేస్తారో పేరు పెట్టి చెప్పుకోండి. అది మరిచిపోవడం వల్ల వచ్చే క్యాబిన్ ప్రెషర్ హెచ్చరికలు తక్కువేం కాదు.

## నేల నుంచి 400 అడుగుల దాకా

ఇక్కడ చేయాల్సినవి మూడే. విమానం నడిపే పైలట్, అంటే పీఎఫ్, పిచ్ (ముక్కు ఎత్తిన కోణం) పట్టుకుని రెక్కలు సమంగా ఉంచాలి. ఏ320లో రెండు ఇంజిన్లూ బాగుంటే పిచ్ దాదాపు 15 డిగ్రీలు, ఒకటి పోతే 12.5 డిగ్రీలు, ఆ తర్వాత వేగాన్ని చూసి సర్దుకోవాలి. పర్యవేక్షించే పైలట్, అంటే పీఎం, ఎత్తు పెరుగుతోందని చెప్పగానే గేర్ (చక్రాలు) పైకి. మూడోది, మోగుతున్న చప్పుడును ఆపడం.

చప్పుడు ఆపడాన్ని చిన్నచూపు చూడొద్దు. గంట మోగుతున్నంతసేపూ పక్కవాళ్ల మాట సరిగ్గా వినబడదు, మెదడు కూడా చురుగ్గా పనిచేయదు. పీఎం మాస్టర్ వార్నింగ్ నొక్కి, లోపం పేరును తెర మీద ఉన్నది ఉన్నట్టే చదవాలి: "ఇంజిన్ వన్ ఫైర్". "ఏదో ఇంజిన్‌కి అయినట్టుంది" అనకూడదు. పీఎఫ్ దానికి బదులుగా వేగం, దిశ చూసుకుంటూ "కంటిన్యూ" అంటే చాలు.

గేర్ పైకి తీయడం ఎందుకంత ముఖ్యం? రెండు ఇంజిన్ల విమానం ఒకదాన్ని కోల్పోయాక గేర్ లోపలికి వెళ్లిన రెండో దశలో కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కగలగాలన్నది సర్టిఫికేషన్ నియమం. అంటే ముందుకు 100 అడుగులు వెళ్తే పైకి 2.4 అడుగులు. అంత సన్నని లెక్కలో బయట వేలాడుతున్న చక్రాలు గాలికి పెద్ద అడ్డే. కంగారులో "గేర్ అప్" అనడం మరిచి ఇంజిన్ వైపు చూస్తూ ఉండిపోవడం సిమ్యులేటర్‌లో రోజూ కనబడే తప్పు.

400 అడుగుల లోపు చెక్‌లిస్ట్ తెరవరు, స్విచ్ ముట్టుకోరు. పాత పైలట్ల వాడుకలో ఓ మాటుంది: ఏదైనా జరిగితే ముందు గడియారానికి కీ ఇవ్వు. కీ ఇచ్చే గడియారాలు కాక్‌పిట్‌లలోంచి ఎప్పుడో పోయాయి గానీ, చేతికి హాని లేని పని అప్పగించి మెదడుకు నాలుగు సెకన్లు ఇవ్వాలన్న ఉద్దేశం ఇప్పటికీ పనికొస్తుంది.

## 400 అడుగులు దాటాక: చదవడం, సరిచూడడం, అప్పుడే చేయడం

విమానం నిలకడగా ఎక్కుతోంది, దిశ సరిగ్గా ఉంది. వీలైతే ఆటోపైలట్ పెట్టండి. మొండిగా చేత్తో నడిపి గెలిచేదేమీ లేదు. ఇప్పుడు పీఎఫ్ "ఈకామ్ యాక్షన్స్" అని, బోయింగ్‌లో అయితే సంబంధిత చెక్‌లిస్ట్ పేరు చెప్పి అడుగుతారు. ఈ క్షణం నుంచి పని పంపకం కచ్చితంగా ఉండాలి: పీఎఫ్ విమానం, దారి, చాలా సంస్థల్లో రేడియో కూడా చూసుకుంటారు, పీఎం దీపం సంగతి చూస్తారు. ఇద్దరి తలలూ ఒకేసారి కిందికి వంగకూడదు.

1972 డిసెంబర్ 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ముక్కు గేర్ దీపం వెలగలేదు. ల్యాండింగ్‌కు వస్తున్న విమానాన్ని 2,000 అడుగుల దగ్గర ఆపి, కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచే పద్ధతి నుంచి తప్పుకున్న సంగతి ఎవరూ గమనించలేదు. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలి 101 మంది చనిపోయారు. కాలిపోయింది బల్బు మాత్రమే, గేర్ కిందికే ఉంది.

దీపాన్ని నమ్మేముందు దానికి రెండో సాక్షిని వెతకండి. ఆయిల్ లో ప్రెషర్ అని ఎర్రగా వస్తే ఇంజిన్ పేజీలో ఆయిల్ ప్రెషర్ అంకె చూడాలి. అదీ పడిపోయి ఉంటే నిజం. అంకె మామూలుగా ఉంటే సెన్సర్ లోపం కావచ్చు, అప్పుడు ఇంజిన్ ఆపమని చెక్‌లిస్ట్ కూడా చెప్పదు. హైడ్రాలిక్ దీపానికి సాక్షి 3,000 పీఎస్‌ఐ దగ్గర ఉండాల్సిన ప్రెషర్, రిజర్వాయర్‌లో నూనె మట్టం. ప్రెషర్ పోయి మట్టం ఉంటే పంపు. రెండూ పోతే లీకు. డోర్ దీపానికి సాక్షి క్యాబిన్ ప్రెషర్: అది సరిగ్గా పెరుగుతుంటే తలుపు దగ్గరి ప్రాక్సిమిటీ సెన్సర్ మీద అనుమానపడాలి.

ఇంజిన్ మంట దీపానికి మాత్రం ఈ బేరం వర్తించదు. ఇంజిన్ నుంచి తీసుకునే వేడి బ్లీడ్ గాలి లీకై సెన్సర్‌ను వేడెక్కించినా అదే దీపం వెలుగుతుంది, మీట వెనక్కి లాగగానే ఆరిపోతుంది. అయినా సాక్షి లేదని ఆగకుండా చెక్‌లిస్ట్ చెప్పిందంతా చేయాల్సిందే. ఏ320లో ప్రతి ఇంజిన్‌కూ రెండు డిటెక్షన్ లూప్‌లుంటాయి. మంటే వాటిని కాల్చేసి ఉండొచ్చన్న ఊహతో, రెండూ 5 సెకన్ల లోపు తెగిపోతే దాన్నీ మంటగానే లెక్కేస్తుంది.

## ఇంజిన్ మంట: ఒక్కో మెట్టు

ఏ320లో క్రమం ఇది.

1. ఆ ఇంజిన్ థ్రస్ట్ లివర్ ఐడిల్‌కు (కనిష్ఠ శక్తికి).
2. ఆ ఇంజిన్ మాస్టర్ స్విచ్ ఆఫ్.
3. ఆ ఇంజిన్ ఫైర్ పుష్‌బటన్ నొక్కాలి. దీంతో ఇంధనం, హైడ్రాలిక్ ద్రవం, బ్లీడ్ గాలి వాల్వులు మూసుకుంటాయి, జనరేటర్ తెగిపోతుంది, మంటలార్పే సీసాలు మందు చిమ్మడానికి సిద్ధమవుతాయి.
4. 10 సెకన్లు ఆగి ఏజెంట్ 1 (మొదటి సీసా). ఫ్యాన్ వేగం తగ్గి ఇంజిన్ తొడుగులో గాలి ప్రవాహం పలచబడడానికే ఆ 10 సెకన్లు. ముందే వదిలితే మందు గాలికి కొట్టుకుపోతుంది.
5. ఏటీసీకి (విమాన రాకపోకల నియంత్రణ కేంద్రానికి) చెప్పడం.
6. 30 సెకన్ల తర్వాత కూడా దీపం వెలుగుతుంటే ఏజెంట్ 2.

737లో ఆటోథ్రాటిల్ (థ్రస్ట్‌ను దానంతట అదే సర్దే వ్యవస్థ) ఆపి, లివర్ మూసి, ఫ్యూయల్ కటాఫ్ చేసి, ఫైర్ హ్యాండిల్ పైకి లాగుతారు. దీపం ఆరకపోతే హ్యాండిల్‌ను ఒక వైపు చివరిదాకా తిప్పి 1 సెకను పట్టుకోవాలి. 30 సెకన్లకూ వెలుగుతుంటే రెండో వైపు తిప్పాలి. అక్కడున్న రెండు సీసాలూ రెండు ఇంజిన్లకూ ఉమ్మడివి. ఒక ఇంజిన్ మీద రెండూ వాడేస్తే రెండో దానికి ఏమీ మిగలదు.

మీట కదిపే ముందు చేసే సరిచూపు ఈ వ్యాసం మొత్తంలోకీ ముఖ్యమైన పని. థ్రస్ట్ లివర్, మాస్టర్ స్విచ్, ఫైర్ బటన్, జనరేటర్‌ను విడదీసే ఐడీజీ బటన్: ఇవి తప్పుగా నొక్కితే వెనక్కి తీసుకోవడం కష్టం, కొన్నిసార్లు అసాధ్యం. కాబట్టి పీఎం వేలు దాని మీద పెట్టి, కదపకుండా, "ఇంజిన్ వన్ మాస్టర్, కన్ఫర్మ్?" అంటారు. పీఎఫ్ తల తిప్పి, ఆ వేలు ఎక్కడుందో కళ్లతో చూసి, "కన్ఫర్మ్‌డ్" అంటారు. చూడకుండా అలవాటుగా అనే "కన్ఫర్మ్‌డ్" ఎందుకూ కొరగాదు. థ్రస్ట్ లివర్‌ను మాత్రం పీఎఫ్ తన చేత్తోనే లాగుతారు, పీఎం అది సరైనదే అన్నాక.

ఈ సరిచూపు జరగనప్పుడు ఏమవుతుందో రెండు ప్రమాదాలు చెబుతాయి. 1989 జనవరి 8న కెగ్‌వర్త్ దగ్గర బ్రిటిష్ మిడ్‌ల్యాండ్ 737-400లో ఎడమ ఇంజిన్ ఫ్యాన్ బ్లేడు విరిగితే సిబ్బంది కుడి ఇంజిన్ ఆపేశారు. అదే సమయంలో ఆటోథ్రాటిల్ తప్పించడంతో ఎడమ ఇంజిన్ కుదుపు తగ్గింది. సరైనదే ఆపామన్న నమ్మకం కలిగింది. 47 మంది చనిపోయారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా 235 టేకాఫ్ అయిన కాసేపటికే రెండో ఇంజిన్ ప్రొపెల్లర్ దానంతట అదే ఫెదర్ అయింది (దాని రెక్కలు గాలికి సమాంతరంగా తిరిగి, తోపు ఆగింది). కొద్ది సెకన్లలోనే కెప్టెన్ చెయ్యి ఒకటో ఇంజిన్ లివర్ మీదికి వెళ్లింది. ఆగి సరిచూద్దామన్న పక్క పైలట్ మాట గాలిలో కలిసిపోయింది. బాగున్న ఇంజిన్ ఆగింది, 43 మంది పోయారు. ఒక ఇంజిన్‌తో ఎగరడానికి తయారైన విమానమే అది.

అలాగని ఇంజిన్ పని ముగిసేదాకా మిగతావన్నీ ఆపడం కూడా కుదరదు. ఎయిర్‌బస్ పద్ధతిలో మంట అయితే అది ఆరేదాకా లేదా ఏజెంట్ 2 వదిలేదాకా, మంట లేకుండా ఇంజిన్ దెబ్బతింటే ఏజెంట్ 1 దాకా, ఊరికే ఆగిపోతే మాస్టర్ ఆఫ్ దాకా చేసి ఆపుతారు. అప్పుడు ముక్కు దించి, వేగం పెంచి, ఫ్లాప్‌లు లోపలికి తీసి, థ్రస్ట్‌ను మ్యాక్స్ కంటిన్యువస్‌కు (ఎంతసేపైనా వాడగలిగే గరిష్ఠ స్థాయికి) తగ్గించి, ఆ తర్వాతే మిగిలిన వరుసలు. టేకాఫ్ థ్రస్ట్‌కు ఒక ఇంజిన్‌తో 10 నిమిషాలే గడువు, రెండింటితో 5 నిమిషాలు.

## తరచూ కనబడే మిగతా దీపాలు

క్యాబిన్ ఆల్టిట్యూడ్ (క్యాబిన్ లోపలి ప్రెషర్ ఏ ఎత్తులోని గాలికి సమానమో ఆ ఎత్తు). టేకాఫ్ తర్వాత వచ్చేవాటిలో అతి మోసకారి ఇదే, ఎందుకంటే ఇది ఆలోచించే శక్తినే తినేస్తుంది. 2005 ఆగస్టు 14న హీలియోస్ 522 విమానంలో ప్రెషరైజేషన్ సెలెక్టర్ మెయింటెనెన్స్ తర్వాత మాన్యువల్‌లోనే ఉండిపోయింది. 737లో క్యాబిన్ ఎత్తు 10,000 అడుగులు దాటితే మోగే హారన్, నేల మీద టేకాఫ్ కాన్ఫిగరేషన్ తప్పితే మోగే హారన్ ఒకటే. సిబ్బంది దాన్ని రెండోదిగా పొరబడి, పరికరాల చల్లదనం గురించి రేడియోలో మాట్లాడుతూ స్పృహ తప్పారు. 121 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఒక సూత్రం గట్టిగా పట్టుకోండి: గాల్లో ఆ హారన్ మోగితే అది ప్రెషరే, ఇంకోటి కాదు. ముందు ఆక్సిజన్ మాస్క్, 100 శాతం. తర్వాత మాస్క్ మైకులో మాట కలిసిందో లేదో చూడడం. ఆ తర్వాతే ప్యానెల్. 35,000 అడుగుల దగ్గర పనికొచ్చే స్పృహ నిమిషం లోపే. ఎక్కుతున్నప్పుడు క్యాబిన్ ఎత్తు కూడా విమానంతో పోటీపడి పెరుగుతుంటే ప్రెషర్ అందడం లేదన్నమాట. 10,000 అడుగుల దగ్గర ఈ ఒక్క చూపు అలవాటుగా ఉండాలి.

గేర్. లివర్ పైకి పెట్టినా మూడు పచ్చ దీపాలు ఆరకపోతే ముందు అనుమానించాల్సింది నేల మీద తీయడం మరిచిన గేర్ పిన్‌లను. గేర్ రాలేదని వేగం పెంచుకుంటూ పోవద్దు. లోపలికి తీయడానికి ఏ320లో 220 నాట్లు, 737లో 235 నాట్లు పరిమితి. 737లో వీల్ వెల్ ఫైర్ దీపం వెలిగితే అలవాటుకు ఎదురుగా గేర్ కిందికి దించాలి, వేగం 270 నాట్లు మించకుండా. చల్లగాలి తగిలి దీపం ఆరినా కనీసం 20 నిమిషాలు అలాగే ఉంచాలి.

జనరేటర్. ఏపీయూ (తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్) ఆన్ చేయండి, మిగతాది చెక్‌లిస్ట్ చూసుకుంటుంది. ఐడీజీ విడదీయమంటే బటన్‌ను 3 సెకన్లకు మించి నొక్కి ఉంచొద్దు, లేదంటే విడదీసే యంత్రాంగమే దెబ్బతింటుంది. గాల్లో దాన్ని మళ్లీ కలపలేరు.

హైడ్రాలిక్. ఏ320లో ఒక వ్యవస్థ లీకైతే, దానికి శక్తి అందించాలని పీటీయూ (ఒక హైడ్రాలిక్ వ్యవస్థ శక్తిని ఇంకోదానికి అందించే పంపు) పనిచేస్తూ తాను వేడెక్కుతుంది. చెక్‌లిస్ట్ పీటీయూ ఆఫ్ అంటే వెంటనే చేయాలి. గేర్‌ను గురుత్వాకర్షణతో దించాల్సి వస్తే దాన్ని తిరిగి పైకి తీయలేరని గుర్తుంచుకుని, రన్‌వే కచ్చితంగా దొరుకుతుందని తేల్చుకున్నాకే దించండి.

వేగం అంకెలు పొసగకపోవడం. రెండు వైపులా వేగం తేడాగా ఉంటే ఏది నిజమో తేల్చే పని తర్వాత. 737లో జ్ఞాపకం మీద చేసేది: ఫ్లాప్‌లు బయట ఉంటే పిచ్ 10 డిగ్రీలు, ఎన్1 (ఇంజిన్ ఫ్యాన్ వేగం) 80 శాతం, లోపల ఉంటే 4 డిగ్రీలు, 75 శాతం. ఏ320లో థ్రస్ట్ తగ్గించే ఎత్తు లోపు 15 డిగ్రీలు, టోగా (పూర్తి టేకాఫ్ థ్రస్ట్). ఆపైన 10,000 అడుగుల దాకా 10 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్.

పదే పదే వచ్చే అంబర్. విసుగు పుట్టిస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. 2014 డిసెంబర్ 28న ఎయిర్‌ఏషియా 8501లో సోల్డర్ పగులు వల్ల రడ్డర్ ట్రావెల్ లిమిటర్ (తోక చుక్కాని కదలికకు హద్దు పెట్టే పరికరం) కాషన్ నాలుగు సార్లు వచ్చింది. నాలుగోసారి తర్వాత ఫ్లయిట్ ఆగ్మెంటేషన్ కంప్యూటర్ల సర్క్యూట్ బ్రేకర్లు లాగేశారు. ఆటోపైలట్ పోయింది, విమానాన్ని హద్దుల్లో ఉంచే కంప్యూటర్ నియమం, అంటే కంట్రోల్ లా, మారిపోయింది, 162 మంది చనిపోయారు. నేల మీద మెకానిక్ చేసే రీసెట్ గాల్లోనూ చేయొచ్చనుకోవద్దు. చెక్‌లిస్ట్‌లో రాసి లేకపోతే బ్రేకర్ ముట్టుకోకూడదు. ఫ్యూయల్ పంపు బ్రేకరైతే అసలే వద్దు.

## ఏటీసీతో, క్యాబిన్‌తో

తొలి నిమిషంలో ఏటీసీ ఏదైనా అడిగితే "స్టాండ్‌బై" అనేందుకు మొహమాటపడకండి. తీరిక దొరికాక మంటలు, పొగ, ఇంజిన్ పోవడం లాంటివాటికి "మేడే" మూడుసార్లు, కాల్‌సైన్, ఏం జరిగింది, ఎటు వెళ్తున్నాం. అంత తీవ్రత లేకపోతే "పాన్ పాన్" మూడుసార్లు. ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700. "మాకు చిన్న సమస్య ఉంది" లాంటి మర్యాద మాటలకు ప్రాధాన్యం దొరకదు. ఏటీసీకి నిజంగా కావాల్సినవి రెండే: మీరు ఏ దిశలో ఉంటారు, ఏ ఎత్తులో ఆగుతారు. మిగిలిన ఇంధనం, మనుషుల సంఖ్య తర్వాత చెప్పొచ్చు.

క్యాబిన్ సిబ్బందికి నాలుగు ముక్కల్లో: ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎంత సమయం ఉంది, ప్రత్యేకంగా ఏం చేయాలి. విన్నది వాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి. వాళ్లను మీరూ అడగండి; రెక్క వెనక మంట ఉందో లేదో కాక్‌పిట్ కిటికీలోంచి కనబడదు.

## వెనక్కి రావాలా, ముందుకా

ఈకామ్ పనులు, ఆఫ్టర్ టేకాఫ్ చెక్‌లిస్ట్, స్టేటస్ పేజీ: ఈ వరసలో ముగిశాకే నిర్ణయం. మంట ఆరకపోయినా, పొగ తగ్గకపోయినా ఈ చర్చే లేదు. బరువు ఎంతున్నా దగ్గరి రన్‌వేకే. ఏ320, 737లకు గాల్లో ఇంధనం పారబోసే ఏర్పాటు లేదు, కాబట్టి బయల్దేరిన వెంటనే తిరిగొస్తే గరిష్ఠ ల్యాండింగ్ బరువు దాటే ఉండొచ్చు. విమానం దానికి తట్టుకుంటుంది: గరిష్ఠ టేకాఫ్ బరువులో కూడా నిమిషానికి 360 అడుగుల దిగే వేగంతో నేల తాకేలా డిజైన్ చేస్తారు. మెత్తగా దించాలనే ఆరాటంలో రన్‌వే మింగేయకండి. ల్యాండింగ్ దూరాన్ని ఆ లోపంతో, ఆ బరువుతో మళ్లీ లెక్కకట్టి, పైన కనీసం 15 శాతం కలుపుకోండి.

మంట, పొగ లేకపోతే సమయం మీదే. 2010 నవంబర్ 4న క్వాంటాస్ 32 ఏ380లో సింగపూర్ నుంచి బయల్దేరిన నాలుగు నిమిషాలకే ఇంజిన్ పగిలి రెక్క చిల్లులు పడింది. ఈకామ్ జాబితా ముగించడానికే సిబ్బందికి దాదాపు 50 నిమిషాలు పట్టింది; 469 మందీ క్షేమంగా దిగారు. దానికి పూర్తి విరుద్ధం 2009 జనవరి 15 నాటి యూఎస్ ఎయిర్‌వేస్ 1549. రెండు ఇంజిన్లూ 3,000 అడుగుల లోపే పోయాయి, చేతిలో ఉన్న చెక్‌లిస్ట్ మాత్రం 20,000 అడుగుల పైన జరుగుతుందన్న ఊహతో రాసింది. కెప్టెన్ దాని వంతు రాకముందే ఏపీయూ ఆన్ చేశారు. అంత కొరత ఉన్నప్పుడే వరస తప్పడం సరి. మిగతా రోజుల్లో వరసే మీ పక్షం.

హోల్డింగ్‌లో తిరుగుతూ నిర్ణయం చర్చిస్తుంటే ముందు ఫస్ట్ ఆఫీసర్ అభిప్రాయం అడగండి. కెప్టెన్ ముందే "మనం తిరిగి వెళ్దాం కదా" అంటే అవతలి నుంచి వచ్చేది అభిప్రాయం కాదు, తలాడింపు.

## నేల తాకాక

రన్‌వే మీదే ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, క్యాబిన్‌కు కూర్చునే ఉండమని చెప్పండి. మంట అనుమానం ఉంటే అగ్నిమాపక సిబ్బందితో నేరుగా మాట్లాడండి. ఇంజిన్ చుట్టూ, చక్రాల చుట్టూ చూడగలిగేది వాళ్లే. బరువుగా దిగి గట్టిగా బ్రేకు వేసి ఉంటే చక్రాలు ఇంకా వేడెక్కుతూనే ఉంటాయి, గేట్ దగ్గరికి తొందరపడొద్దు.

టెక్ లాగ్‌లో "ఇంజిన్ దీపం వెలిగింది" అని రాస్తే ఇంజినీర్‌కు పనికిరాదు. తెర మీద కనిపించిన పదాలు అక్షరం పొల్లు పోకుండా, ఏ దశలో, ఎంత ఎత్తులో, ఎంత వేగంలో, నిలిచి వెలిగిందా మినుకుమినుకుమందా, ఏ చర్య తర్వాత ఆరింది, సాక్షిగా చూసిన అంకె ఎంత అన్నవి రాయాలి. గరిష్ఠ బరువు దాటి దిగి ఉంటే ఆ సంగతి, అప్పటి బరువు విడిగా రాయాలి. దానికి ప్రత్యేక తనిఖీ ఉంటుంది. కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ బ్రేకర్‌ను మీ సంస్థ నియమం ప్రకారం లాగడం మరవొద్దు: పాతవాటిలో 30 నిమిషాల మాటలే నిలుస్తాయి, తర్వాత వచ్చినవాటిలో 2 గంటలు. గేట్ దగ్గర కరెంటు ఇచ్చి వదిలేస్తే, ఫస్ట్ ఆఫీసర్ "ఆగండి, చూద్దాం" అన్నారో లేదో చెప్పే ఆ కొద్ది సెకన్ల మీద క్లీనర్ల కబుర్లు రికార్డవుతాయి.